పొడిచే ఎద్దు అని తెలిసినప్పుడు



ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ పాత బండిలో ఒక లోపం మీరు నాలుగైదు సార్లు చూశారు. మెకానిక్ చూసినప్పుడు మాత్రం అది ఒక్కసారీ బయటపడలేదు. ఇప్పుడు ఆ బండి అమ్మాలి. కొనడానికి వచ్చిన తమ్ముడు నడిపి చూసి "బాగుంది అన్నా" అన్నాడు. మూడు నెలలుగా మీకు కూడా ఏ ఇబ్బందీ రాలేదు. ఆ లోపం సంగతి అతనికి చెప్పాల్సిన బాధ్యత మీకు ఉందా?

"ఉంది" అని వెంటనే అనేస్తాం. కానీ ఏమని చెబుతాం? లోపం ఉందని అందామంటే ఇప్పుడు కనబడటం లేదు. లేదని అందామంటే మన కళ్లతో చూశాం. ఉందో పోయిందో మనకే తెలియని దాని గురించి నిజం చెప్పడం ఎలా? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అమెరికాలో మన తెలుగు సంఘాల్లో బండ్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఒకరు వేరే రాష్ట్రానికి మారతారు, ఒకరు ఇండియాకు తిరిగి వెళ్లిపోతారు. ఒకరికి ఉద్యోగం పోతుంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి అప్పుడు మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంకోవైపు కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు తక్కువ ధరలో ఏదో ఒక బండి కోసం చూస్తుంటారు. వాళ్లు చాలాసార్లు బయటి మెకానిక్‌కు చూపించకుండానే కొనేస్తారు. కారణం అడిగితే "మన బ్రదర్ దగ్గరే కదా" అంటారు. ఆ మాట విన్నాక అమ్మేవాడి బరువు పెరుగుతుందే గానీ తగ్గదు.

మా ఇంట్లో 2003 మోడల్ పికప్ ట్రక్ ఒకటి ఉంది. వచ్చిపోయే లోపం ఎలా ఉంటుందో నాకు అది బాగా నేర్పింది. టెక్సస్ ఎండల్లో గంటసేపు హైవే మీద నడిచి, దిగి పార్కింగ్‌లో మలుపు తిప్పేసరికి స్టీరింగ్ రాయిలా బిగుసుకునేది. ఇంకొన్నిసార్లు సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోయేది. పది నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. పంటి నొప్పి డాక్టరు గది ముందు కూర్చోగానే తగ్గిపోయినట్టు, గ్యారేజ్‌కు తీసుకెళ్లిన ప్రతిసారీ అది బుద్ధిగా నడిచింది. స్కానర్ పెట్టి చూసి "కోడ్ ఏమీ లేదు" అన్నారు.

ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసుకోవడం మంచిది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకూ చిన్న ట్రక్కులకూ ఓబీడీ-2 అనే పరీక్షా పద్ధతి తప్పనిసరి. అందులోని కంప్యూటర్ తనకు సెన్సర్ ఉన్నచోటే చూడగలదు, తనకు అప్పగించిన లోపాలనే రాసుకోగలదు. ఇంజన్ మిస్‌ఫైర్ లాంటివి చాలావరకు మొదటి ప్రయాణంలో పెండింగ్‌గా మాత్రమే ఉంటాయి. తరువాతి ప్రయాణంలోనూ కనబడితేనే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. పాత ట్రక్కులో స్టీరింగ్‌కు నూనె ఒత్తిడితో సాయం చేసే పంప్ కాసేపు సరిగా తిరగకపోతే చాలా బండ్లలో అది ఎక్కడా నమోదు కాదు. కాబట్టి "కోడ్ లేదు" అంటే "కంప్యూటర్ రాసుకోలేదు" అని మాత్రమే. "లోపం లేదు" అని కాదు.

మన ఆఫీసుల్లోనూ ఇది మామూలే. కస్టమర్ చెప్పిన బగ్ మన మెషీన్‌లో రాకపోతే "కెనాట్ రిప్రొడ్యూస్" అని రాసి టికెట్ మూసేస్తాం. టికెట్ మూసుకుంటుంది, బగ్ మాత్రం కస్టమర్ దగ్గరే ఉంటుంది.

ఇలాంటి లోపాన్ని పట్టుకోవడానికి ఉన్న దారి ఒక్కటే: అది వచ్చిన ప్రతిసారీ రాసిపెట్టుకోవడం. బయట ఎండ ఎంత, ఏసీ వేసి ఉందా, ఇంజన్ ఎంతసేపు నడిచింది, వాన పడిందా, మలుపులో ఉన్నామా అని. కొన్ని వారాలు అలా రాశాక, ఒకటనుకున్న లోపం నిజానికి రెండని తేలింది. స్టీరింగ్ బిగుసుకోవడం ఏసీ వేసుకుని నెమ్మదిగా మలుపు తిప్పినప్పుడో, వానలోనో మాత్రమే జరుగుతోంది. ఆ ట్రక్కులో పవర్ స్టీరింగ్ పంప్‌నూ, ఆల్టర్నేటర్‌నూ, ఏసీ కంప్రెసర్‌నూ తిప్పేది ఒకే బెల్టు. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ స్ప్రింగ్ బలహీనపడింది. బరువులన్నీ ఒకేసారి పడితే బెల్టు జారుతోంది. ఇంజన్ ఆగడానికి మాత్రం ఏసీతో సంబంధం లేదు, బాగా వేడెక్కితేనే ఆగుతోంది. ఆగిన తరువాత స్టార్టర్ తిప్పుతుంటే ఆర్పీఎం ముల్లు కదలడం లేదు. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ వేడికి పనిచేయడం మానేసి, చల్లబడ్డాక మళ్లీ పనిచేస్తోందని దాన్నిబట్టి మెకానిక్ అనుమానించాడు. రెండూ మార్చారు.

బాగయిందా? రెండు వారాలకోసారి వచ్చే లోపం వారం రోజులు రాకపోతే దానివల్ల ఏమీ రుజువు కాదు. అదే ఎండ, అదే దూరం, అదే మలుపు మళ్లీ మళ్లీ దాటితేనే నమ్మకం కొద్దికొద్దిగా పెరుగుతుంది. పూర్తి రుజువు ఎప్పటికీ చేతికి రాదు. బండి అమ్మేవాడు నిలబడేది సరిగ్గా ఈ చోటే.

ఇది చిన్న విషయం కాదు. జనరల్ మోటార్స్ సంస్థ 2014లో సుమారు 26 లక్షల చిన్న కార్లను ఇగ్నిషన్ స్విచ్ లోపంవల్ల వెనక్కి పిలిచింది. నడుస్తుండగానే తాళంచెవి స్థానం జారితే ఇంజన్ ఆగిపోయేది, స్టీరింగ్‌కు పవర్ సాయం పోయేది, ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేవి కావు. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపం అది. 2006లో స్విచ్ నమూనా మార్చారు గానీ పార్ట్ నంబర్ మార్చలేదు. అందువల్ల పాత స్విచ్‌కూ కొత్త స్విచ్‌కూ తేడా పట్టుకోవడం దర్యాప్తు చేసినవారికి కష్టమైంది. చివరకు పరిహార నిధి 124 మరణాలను ఆ లోపం ఖాతాలో ఒప్పుకుంది. లోపం అప్పుడప్పుడే వస్తుందన్న మాట, ఆ ఒక్కసారి స్టీరింగ్ ముందున్న మనిషికి ఏ ఊరటా ఇవ్వదు.

మన ప్రశ్నకు దగ్గరైన చట్టం ఒకటి నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఉంది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎవరిది నేరం? ఆ ఎద్దుకు అంతకుముందు పొడిచే అలవాటు లేకపోతే యజమానికి నేరం లేదు. అలవాటు ఉందని అతనికి ముందే తెలిసి, కట్టి ఉంచకపోతే నేరం అతనిదే. తీర్పు మారడానికి కారణం ఎద్దు కాదు, యజమానికి తెలిసిన సంగతి. గమనించండి, పొడిచే ఎద్దు కూడా రోజంతా పొడవదు. ఎక్కువ రోజులు గడ్డి మేస్తూ శాంతంగానే ఉంటుంది. ఆ శాంతమైన రోజులను యజమాని తనకు సాక్ష్యంగా చూపించుకోవడానికి వీల్లేదు.

"ఇరవై ఏళ్ల ట్రక్కులో ఏదో ఒకటి ఉంటుందని కొనేవాడికి తెలియదా?" అని మీరు అడగవచ్చు. తెలుసు. ప్రతి ఎద్దుకూ కొమ్ములుంటాయని కూడా అందరికీ తెలుసు. అతనికి తెలిసింది పాత బండ్ల గురించి. మీకు తెలిసింది ఈ బండి గురించి. అతను అరగంట నడిపి తెలుసుకోలేనిది, గ్యారేజ్‌లో డబ్బు కట్టినా దొరకనిది మీ ఒక్కరి దగ్గరే ఉంది.

"చట్టం ఒప్పుకుంటుంది కదా?" అని ఇంకొకరు అనవచ్చు. వాడిన కార్లు అమ్మే డీలర్లు కిటికీకి బయ్యర్స్ గైడ్ అంటించాలన్న కేంద్ర నియమం సొంత బండి అమ్ముకునే వ్యక్తికి వర్తించదు. కానీ చట్టం అడగని చోట మనస్సాక్షి కూడా అడగదని ఎవరు చెప్పారు? మన ఊళ్లలో పశువుల సంతకు వెళ్లినవారికి తెలుసు, పూట పాలు పిండకుండా తోలుకొస్తే పొదుగు నిండుగా కనబడుతుంది. అమ్మేముందు కోడ్‌లన్నీ చెరిపేసి బండి చూపించడం అలాంటిదే. చెరిపిన కొద్ది రోజులు కంప్యూటర్‌లోని స్వీయ పరీక్షలు "నాట్ రెడీ" అని చూపిస్తాయి. కొనేవారు ఆ మాట కనబడితే ఎందుకని అడగాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఉద్యోగం పోయి, 60 రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాల్సినవాడికి ఆ వెయ్యి, రెండు వేల డాలర్లు విమాన టికెట్లు. అతన్ని చూసి "నిజం చెప్పు, నష్టపో" అనడం నాకు తేలికగా లేదు. అయినా ఆలోచించండి. చెబితే పోయేది ధరలో కొంత. చెప్పకపోతే ఆ నష్టం మాయం కాదు, అతనికంటే చేతిలో తక్కువ ఉన్న విద్యార్థి మీదికి జరుగుతుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికి కూడా. అవసరంలో ఉన్న సహోదరునికి సంఘం చేయి అందించాలి. అతను నోరు మూసుకోవడమే దారి అయ్యేంతవరకు మనం చూస్తూ కూర్చోకూడదు.

మరి ఏమని చెప్పాలి? తీర్పు చెప్పనక్కర్లేదు, సాక్ష్యం చెబితే చాలు. "బండిలో లోపం ఉంది" అనడానికీ "ఏమీ లేదు" అనడానికీ మీకు ఆధారం లేకపోవచ్చు. "వేడెక్కినప్పుడు ఐదుసార్లు ఇంజన్ ఆగింది. ఫలానా నెలలో సెన్సర్ మార్చాం. ఆ తరువాత మూడు నెలలుగా రాలేదు. మళ్లీ రాదని నేను హామీ ఇవ్వలేను" అనడానికి మాత్రం ఉంది. సాక్షి చేసేది ఇదే. చూసింది చూసినంత చెబుతాడు, మిగిలింది వినేవారికి వదిలేస్తాడు.

కొనేవారికీ ఒక మాట. "బాగుందా అన్నా?" అని అడిగితే "బాగుంది తమ్ముడూ" అనే జవాబే వస్తుంది. "ఒక్కసారైనా దారిలో ఆగిందా? స్టీరింగ్ ఎప్పుడైనా బిగుసుకుందా?" అని అడగండి. బాగా వేడెక్కేవరకు నడపండి. ఏసీ వేసి, ఆపి ఉన్న చోట చక్రం రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఇక ఎవరైనా నిజం చెప్పినప్పుడు దాన్ని అలుసుగా తీసుకుని ధరను నేలకు దించకండి, "ఆయన బండి డొక్కు" అని నలుగురిలో చాటకండి. నిజం చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం అయితే, తరువాతి మనిషికి మనమే మౌనం నేర్పినట్టు.

ఇది బండ్లతోనే ఆగదు. ఆదివారం అందరినీ నవ్వుతూ పలకరించే మనిషి కోపం ఇంట్లో మాత్రమే బయటపడవచ్చు. అతని భార్య ధైర్యం చేసి చెప్పుకున్నప్పుడు "మేమెప్పుడూ చూడలేదమ్మా" అంటాం. అది కూడా స్కానర్ పెట్టి "కోడ్ లేదు" అన్నట్టే. మనం చూసేది వారానికి మూడు గంటలు. మిగతా గంటలకు ఆమే సాక్షి. మన ముందు కనబడకపోవడాన్ని ఆమె మాటకు ఎదురు సాక్ష్యంగా నిలబెట్టకూడదు.

కాబట్టి బండి తాళాలు ఇచ్చేటప్పుడు, ఏ తేదీన ఏం జరిగింది, ఏం మార్చారు అని రాసిన కాగితం కూడా వాటితో పాటు ఇవ్వండి. ఆ తమ్ముడు ఎప్పుడైనా రాత్రిపూట దారిలో ఆగిపోతే, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో కనీసం అతనికి తెలుస్తుంది.