కుంచెం ఎవరి చేతిల ఉన్నది?

మా వాడల పిల్లగానికి గురుకులంల సీటు దొరికితే 'సీటొచ్చింది' అంటరు. దొరకకపోతే మాత్రం 'సీటు రాలేదు' అని ఊకోరు, 'వానికి సదువు రాదు' అంటరు. సీటు రాకపోవుడు వేరు, చదువు రాకపోవుడు వేరు. ఈ రెండింటిని ఒక్కటి చేసినోళ్లు ఎవరు? అందువల్ల ఎవరికి లాభం? ముప్పై ఏండ్లకు పైగ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. నేను సీటొచ్చినోణ్ని. కాబట్టి ఈ ప్రశ్న అడిగే బాధ్యత నాకు ఇంకింత ఎక్కువ ఉన్నది.

మాది నర్సింహులపేట మండలం. అప్పుడు వరంగల్ జిల్లా, 2016ల మహబూబాబాద్ జిల్లాల కలిసింది. 1988ల మా మాదిగవాడ నుంచి ఇద్దరం గురుకులం ఐదో తరగతి ప్రవేశపరీక్ష రాసినం. నేనొకణ్ని, ఇంకొకరు మా పెద్దమ్మ కొడుకు. నాకంటె ఆర్నెల్లు పెద్ద, అన్న అనే పిలుస్త. లెక్కల్ల అన్నదే పైచెయ్యి. కళ్లంకాడ మా అమ్మలు కూలి గింజలు కొలిపిచ్చుకునేటప్పుడు పక్కన నిలబడెటోడు. నాలుగు మానికలైతే ఒక కుంచెం. కుంచెం మీద కుప్ప నిలువకుండ చేత్తోటి అంచుకు నూకి కొలిస్తే ఎంత తగ్గుతదో, పది కుంచాలకు ఎన్ని మానికలు పోతయో అక్కడికక్కడ నోటితోనే చెప్పెటోడు. పటేలు ముందట గట్టిగ అనే ధైర్యం ఎవరికి లేకుండె. ఇంటికొచ్చినంక మళ్ల కొలిస్తే అన్న లెక్క తప్పకపోయేది.

పరీక్షల ఆ లెక్కే వచ్చింది. కాకపోతే 'వ్యత్యాసము కనుగొనుము' అని వచ్చింది. బయటికొచ్చినంక అన్న నన్ను అడిగిండు: "వ్యత్యాసమంటే ఏందిరా?" తేడా అని చెప్పిన. "తేడా అని రాస్తే చేద్దును గదరా" అన్నడు. ఆ మాట నాకెట్ల తెలుసు? హాస్టల్ల ఉండి పదో తరగతి దాక చదివిన మా చిన్నాయన ఆ ఏడు మా ఇంట్ల ఉండె. పొద్దుమూకి నాతోటి పుస్తకం చదివిచ్చెటోడు. అన్న వాళ్ల ఇంట్ల అట్లాంటి మనిషి లేడు. నాకు సీటొచ్చింది, అన్నకు రాలేదు. దీనికి ప్రభుత్వం పెట్టిన పేరు ప్రతిభ. నేను పెట్టే పేరు చిన్నాయన.

మా పంతులొకాయన అన్నను చూసి "నీకెందుకురా సదువు, పరీక్షనే చెప్పింది గద" అన్నడు. ఆ యాడాదే అన్న జీతం కుదిరిండు. ఇయ్యాల తాపీమేస్త్రి. గోడ పొడుగు, ఎత్తు చూసి ఎన్ని ఇటుకలు, ఎన్ని బస్తాల సిమెంటు పడుతదో కాయితం ముట్టకుండ చెప్తడు. అయినా పిల్లల ముందట "నాకు సదువు అబ్బలేదు" అంటడు. జీతం పనిని తర్వాత వదిలిండు గని ఈ మాటను వదలలేదు. ఒక పూట పరీక్ష పదేండ్ల పిల్లగాని మీద వేసిన ముద్ర అది.

ఇది మా ఇద్దరి కథే అయితే రాసే పని లేకుండె. 1971ల పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగ ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌ల రాష్ట్రానికే మొదటి గురుకుల పాఠశాల పెట్టిండ్రు. పల్లె పిల్లల్ల తెలివైనోళ్లను ఏరి మంచి చదువు చెప్పాలన్నది ఆలోచన. 1980ల దశకంల సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చినయి. 1986 జాతీయ విద్యావిధానంతోటి నవోదయలు వచ్చినయి. పాత వరంగల్ జిల్లా మొత్తానికి మామునూరు నవోదయ ఒక్కటే. ఆరో తరగతిల సీట్లు 80, పరీక్షల ప్రశ్నలు 80, టైము రెండు గంటలు. ఒకసారి తప్పినోనికి రెండోసారి రాసే హక్కు లేదు. ఎస్సీలకు 15 శాతానికి తగ్గకుండ రిజర్వేషన్ ఉన్నది, నిజమే. గని కోటా లోపల కొలిచేది కూడ అదే కుంచెంతోటి. చిన్నాయన ఉన్న ఇల్లు గెలుస్తది, లేని ఇల్లు ఓడుతది.

కొందరిని ఏరి బాగ చదివిస్తే ఆ చదువు మెల్లగ కిందికి ఇంకుతదన్నది తెల్లదొరల కాలం నాటి మాట. 1882ల హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే దీన్నే ఎదిరించిండు. శూద్రుల, అతిశూద్రుల చెమట పన్నులై పైకులాల పెద్ద చదువులకు పోతున్నది, ముందు ప్రాథమిక విద్య అందరికి ఇయ్యాలని అడిగిండు. ఆయన అడిగింది ఇప్పటికీ అట్లనే నిలబడి ఉన్నది.

బుద్ధిని కొలిచే పరీక్ష పుట్టింది కూడ పిల్లలను ఏరి పారేసేటందుకు కాదు. 1905ల పారిస్‌ల ఆల్‌ఫ్రెడ్ బినే దాన్ని తయారుచేసింది, బడిల ఏ పిల్లలకు అదనపు సాయం కావాల్నో తెలుసుకునేటందుకు. అమెరికా పోయేసరికి అది పిల్లలను మెట్లు మెట్లుగ నిలబెట్టే పనికి వచ్చింది. మన సర్వేల్ బడి మొదలైన 1971లనే న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. నగరంల పేరున్న కొన్ని సర్కారు హైస్కూళ్లకు ఒక్క పరీక్ష మార్కులతోటే పిల్లలను తీసుకోవాలన్నది. ఆ బడుల్ల ఒకటి స్టయివెసెంట్. 2019ల అక్కడ 895 సీట్లిస్తే నల్లపిల్లలకు దక్కినవి 7. పరీక్ష ఎవరి రంగూ అడగలేదు. అయినా ఎవరు లోపలికి రావాల్నో వాళ్లే వచ్చిండ్రు.

పరీక్ష వద్దంటే మరేం కావాలె అని విద్యార్థి మిత్రులు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. పరీక్ష లేకుంటే పటేలు చిట్టి, ఎమ్మెల్యే సిఫారసు నడిచేవి. మా నాయినకు చిట్టి రాసిచ్చే దొర లేడు. ఆ దొరల గడప తొక్కకుండ నన్ను గట్టెక్కించింది పరీక్షనే. దాన్ని తిట్టి చేతులు దులుపుకోను. అయితే ఇంకో దారి కూడ ఉన్నది. ఎస్సీ పిల్లలను ప్రైవేటు బడుల్ల చేర్పించే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకానికి లాటరీ తీస్తరు. లాటరీల పేరు రాని పిల్లగాడు 'నసీబు లేదు' అనుకుంటడు గని 'నాకు బుద్ధి లేదు' అనుకోడు. ఆ మేరకు లాటరీల నిజాయితీ ఎక్కువ. పిల్లలు ఎక్కువ, సీట్లు తక్కువ అని అది ఒప్పుకుంటది. పరీక్ష ఆ కొరతను దాస్తది. సీట్లు పెట్టని తప్పును తీస్కపోయి పిల్లల నెత్తి మీద పెడుతది.

2014 తర్వాత తెలంగాణల సాంఘిక సంక్షేమ గురుకులాలు ఇంచుమించు రెండింతలైనయి. అంతకుముందైతే సీటు రాకపోయే పిల్లలు వేలమంది లోపలికి వచ్చిండ్రు. వాళ్ల బుద్ధులు రాత్రికి రాత్రి పెరిగినయా? గదులు పెరిగినయి. 2014 మే నెలల సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కిండ్రు. ఏ ప్రవేశపరీక్ష ప్రశ్నల ఆ బలం కనబడుతది? భువనగిరి గుట్ట మీద తాడు చేతికిచ్చి నేర్పితే కనబడ్డది. ముందు నేర్పాలె, తర్వాత చూడాలె. మన దగ్గర ముందు కొలుస్తరు. కొలతకు ఆగినోళ్లకే నేర్పుతరు.

మన సభలల్ల సీటొచ్చినోళ్లకు ఒక మాట చెప్తరు, జాతి రుణం తీర్చుకోవాలని. 1956ల ఆగ్రాల అంబేద్కర్ చదువుకున్నోళ్ల గురించి పడ్డ బాధ మనందరికి తెలుసు. నేను ఆ రుణం కాదనను. ఊరికి పోయినప్పుడల్లా పిల్లలకు లెక్కలు చెప్తున్న, ఫారాలు నింపిస్తున్న. ఇప్పుడు నేనూ కొందరికి చిన్నాయననే. గని నేను ఎంతమందికి చిన్నాయననైనా జరిగేదేంది? మా వాడ పిల్లలకు పక్క వాడ పిల్లల కంటె ముందు సీటొస్తది. సీట్ల లెక్క మారదు. నా రుణం నేను తీర్చినంత మాత్రాన సర్కారు బాకీ తీరదు. ఆ రెండింటిని కలిపి చెప్పేటోళ్లను నమ్మకుండ్రి.

ఆ బాకీ ఏందంటే, ఊరి బడి. తరగతికొక టీచరు, చేతికందే పుస్తకాలు, మన నోట్ల మాటతోటి మొదలయ్యే పాఠం, కడుపు నిండ తిండి. ఇవి ఏరిన పిల్లలకు ఇచ్చే బహుమానం కాదు, పుట్టిన ప్రతి బిడ్డకు హక్కు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ బడిల చేర్చుకునేటప్పుడు పిల్లలను వడపోయొద్దన్నది. అయినా నవోదయ పరీక్ష నడుస్తనే ఉన్నది. మనం గురుకులం సీట్లు అడగాలె, తప్పదు. అవి ఒక్కటే అడిగి ఊకుంటే ఊరి బడి మూతబడ్డా మనకు పట్టకుండ పోతది.

సీటొచ్చినోళ్లం సీటు రానోళ్ల దిక్కు నుంచి మాట్లాడుడు నేర్చుకోవాలె. ఫలితాలు వచ్చిన దినం పేరు లేని పిల్లగాని ఇంటికి కూడ పోవాలె. "నీకు చదువు రాక కాదు బిడ్డా, వాళ్ల దగ్గర గదులు లేక" అని చెప్పాలె. తెల్లారి ఆ పిల్లగాణ్ని, వాళ్ల అవ్వనాయినలను వెంటబెట్టుకొని ఊరి బడికి పోయి, మా పిల్లలకు టీచరు ఏడి అని అడగాలె.