బావుందనే మాట

మన ఇళ్ళల్లో రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్క తేలని మాట ఒకటుంది. కూరలో ఉప్పు సరిపోయినా సరిపోకపోయినా, కొత్త చీర నప్పినా నప్పకపోయినా, పక్కింటావిడ పంపిన అరిసెలు దూదిలా వున్నా రాయిలా వున్నా మనం అనేది ఒకటే. "బావుందండీ!" ఆ మాటకి డబ్బు ఖర్చవదు, ఆలోచనా ఖర్చవదు. అవతలి మనిషి మొహం కాస్త విప్పారుతుంది. ఎవరికి నష్టం కనక? ఇలా అనుకునే నలభై ఆరేళ్ళు వచ్చేవరకూ నేనూ ఆ మాటని ధారాళంగా పంచిపెట్టాను. నష్టం ఎవరికో నాకు తెలిసింది మన వూళ్ళో కాదు, మన వంటింట్లోనూ కాదు. ఇంగ్లండులో, ఒక పల్లెటూరి సంబరంలో, నేను నోట పోసుకోని ఒక పానీయం దగ్గర.

2023 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో వున్న మా చెల్లెలింటికి వెళ్ళాను. ఒక ఆదివారం మా మరిది "వదినగారూ, మీ కథలకి పనికొస్తుంది, పదండి" అని కారెక్కించి హెర్‌ఫర్డ్‌షైర్ తీసుకెళ్ళాడు. దారికి రెండు పక్కలా ఆపిల్ తోటలు. అక్కడ చెట్లు పూతకొచ్చే రోజులవి. తెలుపూ గులాబీ కలిసిన ఆ పూతని చూస్తుంటే మాఘమాసంలో మన మామిడితోపు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

ఊరి చివర పచ్చిక మైదానంలో గుడారాలు వేశారు. అచ్చం మన తిరణాలే, కాకపోతే గోల తక్కువ. రొట్టెలు, పళ్ళ మురబ్బాలు, అల్లికలు, బొమ్మలు. వాటి మధ్య వరసగా సైడర్ అమ్మే బల్లలు. సైడర్ అంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసేది. అమెరికాలో ఆ మాటకి మామూలు పళ్ళరసమనే అర్థమట గానీ, ఇంగ్లండులో మాత్రం మత్తున్నదే.

కుటుంబ పత్రికలో ఈ తాగుడు గొడవేమిటని మీరు ముక్కు మీద వేలేసుకోకండి. సారా దుకాణాలు మూయించడానికి 1992లో కొంగు బిగించిన దూబగుంట ఆడవాళ్ళ రాష్ట్రంలో పెరిగినదాన్నే నేనూ. ఆ పానీయం మంచిదని వాదించడానికి కలం పట్టలేదు. నాకు పట్టుకున్న సందేహం వేరు.

చివరి గుడారంలో యాభై ఏళ్ళావిడ ఒకావిడ నిలబడి వుంది. బల్ల మీద ఇస్త్రీ చేసిన గళ్ళ గుడ్డ. మూడు చిన్న పీపాలు, వాటి ముందు పలక మీద సుద్దముక్కతో రాసిన మూడు పేర్లు. పక్కన గ్లాసులు తుడుస్తూ ఆవిడ కూతురు. పదిమందికీ పొయ్యడం ఆవిడకి అదే మొదటిసారని ఎవరూ చెప్పక్కర్లేదు. పోస్తుంటే చెయ్యి వణికి గుడ్డ మీద చుక్కలు పడుతున్నాయి. గ్లాసు చేతికిచ్చాక, తరవాతి మనిషి వంక చూడకుండా, ఆ తాగే మనిషి మొహంలోకే చూస్తోంది. ఆ చూపు మనకి కొత్తా? కొత్త కూర వడ్డించి గరిటె చేత్తో పట్టుకుని, మొదటి ముద్ద మింగేదాకా కదలకుండా నిలబడే మన చూపే అది.

జనం పలచబడ్డాక ఆవిడతో మాట కలిపాను. లెక్కల టీచరుగా చేసి మానేసిందట. ఇంటి వెనకాల మామగారి నాటి ఆపిల్ చెట్లున్నాయి. అవి తినే ఆపిల్స్ కావు. కొరికితే పచ్చి వక్క నమిలినట్టు నోరంతా వగరు. కానీ ఆ వగరే సైడర్‌కి ప్రాణమట. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్ అంటూ ఆ చెట్ల పేర్లు మనవల పేర్లు చెప్పినట్టు చెప్పింది. శరత్కాలంలో రాలిన కాయల్ని ఏరి, కడిగి, మరలో నలగ్గొట్టి, ఆ పిప్పిని గుడ్డల్లో మడతలు మడతలుగా పేర్చి, పైనుంచి మర బిగిస్తే రసం దిగుతుంది. పిప్పి పశువులకి, మన తెలగపిండిలాగే. రసం చలికాలమంతా పీపాల్లో తనంతట తనే పులిసి, వసంతానికి తేటపడుతుంది. ఏడాదికి 7,000 లీటర్లు మించకుండా చేసి అమ్ముకునే వాళ్ళకి 1976 నుంచీ అక్కడ సుంకం లేదట. అందుకే ఆవిడలాంటి చిన్నవాళ్ళు ధైర్యం చెయ్యగలుగుతున్నారు.

"ఇంతకాలం ఇంట్లోవాళ్ళూ, ఇరుగుపొరుగూ తాగి బావుందన్నారు. వాళ్ళు బావుందనే అంటారు కదా! అసలు సంగతి ఏమిటో తెలుసుకుందామనే ఇక్కడికొచ్చాను" అంది. కాకిపిల్ల కాకికి ముద్దన్న సామెత ఆవిడకి చెప్పి నవ్వించాను.

ఆ రోజు ఆవిడ నేర్చుకున్నవన్నీ ఏకరువు పెట్టింది. పొద్దున్నే ఉత్సాహం కొద్దీ రుచికే అరగ్లాసు చొప్పున పోసేసరికి, అమ్మకం మొదలవకుండానే పీపాలో పావువంతు దిగిపోయిందట. తరవాత బుద్ధొచ్చి బొటనవేలి మందాన పొయ్యడం మొదలుపెట్టింది. కార్డు మిషనేమో ఆ మైదానంలో సిగ్నలందక మొరాయించింది. కొందరు మూడు రకాలూ రుచి చూసి, మూతి తుడుచుకుని, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. ఒకాయన అందులో ఐసు ముక్కలు వెయ్యమన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి! మన చేతి పప్పుచారులో ఎవరో పంచదార వేసుకున్నట్టు పెట్టింది.

"మీరూ చూడండి" అని గ్లాసందుకుంది. నేను తాగనన్నాను. "పోనీ వాసన చూడండి, నాకదే చాలు" అంది. మొదటి గ్లాసులో ముగ్గిన పళ్ళ వాసన. రెండోదాంట్లో తడిసిన ఎండుగడ్డి వాసన, చెడ్డగా లేదు. మూడోది ముక్కు దగ్గర పెట్టుకునేసరికి కళ్ళల్లోకి కొట్టింది ఘాటు. చిన్నప్పుడు మా పొలం గట్టున తాటిచెట్ల కింద మూడు రోజులు పారబొయ్యకుండా వదిలేసిన కల్లుకుండ గుర్తొచ్చింది. పండు పులుపు వేరు, పాడైన పులుపు వేరు. జాడీ మూత తియ్యగానే ఊరగాయ భవిష్యత్తు చెప్పగలిగిన మనకి ఆ తేడా ఒకరు చెప్పాలా?

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"చాలా బావుందండీ! అద్భుతం!" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. థాంక్స్ చెప్పి, ఆ గ్లాసు తీసుకుని తనూ ఒకసారి వాసన చూసి పక్కన పెట్టింది.

టీ తాగడానికి వెళ్ళి కూర్చున్నానే గానీ టీ దిగలేదు. సంగతి చెబితే మా చెల్లెలు, "పోనిద్దూ అక్కా! మళ్ళీ ఆవిణ్ణి మనం చూస్తామా పెడతామా!" అంది. నన్ను ఆ మాటే పొడిచింది. మళ్ళీ చూడం కాబట్టే కదా చెప్పాల్సింది! రేపూ ఎల్లుండీ కలిసి బతకాల్సిన వాళ్ళు మొహమాటపడ్డారంటే అర్థముంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ నోటినుంచైనా నిజం వినపడుతుందేమోనని ఆ మనిషి అంత దూరం పీపాలు మోసుకొచ్చింది. నేనూ ఆవిడ ఇరుగుపొరుగులాగే మాట్లాడి వచ్చేశాను.

మొహం చెల్లకపోయినా లేచి వెనక్కి వెళ్ళాను. "నేను ఇందాక అబద్ధం చెప్పాను. ఆ మూడోదాంట్లో వెనిగర్ వాసన వస్తోంది" అన్నాను. ఆవిడ రెండు క్షణాలు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. తరవాత బరువు దింపుకున్నట్టు గట్టిగా ఊపిరి వదిలింది.

"పొద్దుట్నుంచీ నా ముక్కుకీ అదే తగులుతోంది. కానీ వచ్చినవాళ్ళందరూ లవ్లీ, లవ్లీ అంటున్నారు. నా ముక్కే పాడయిందేమో అనుకున్నాను" అంది.

ఆ పీపా నిండా రసం సరిపోలేదట. పైన ఖాళీ మిగిలి, గాలి తగిలింది. గాలి తగిలితే సూక్ష్మజీవులు చేరి సారాన్ని వెనిగర్‌గా మార్చేస్తాయి. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా, అంతమంది మెచ్చుకునేసరికి, తనకి తెలిసినదాన్ని తనే నమ్మలేకపోయింది. నేను చూస్తుండగానే ఆ పీపా తీసి బల్ల కింద పెట్టి, పలక మీద మూడో పేరు గుడ్డతో తుడిచేసింది. తెచ్చిన సరుకులో మూడోవంతు! "పూర్తిగా వెనిగర్ అయ్యేదాకా వదిలేస్తాను. ఊరగాయలకి పనికొస్తుంది" అని నవ్వింది గానీ, గుడ్డ మడతపెడుతున్న చేతుల్లో ఆ నవ్వు లేదు. పక్కన ఆ పిల్ల తల్లి వంక చూసి, నా వంక చూసింది. ఆ రెండో చూపు నేనింకా మర్చిపోలేదు.

మంచి చేశానా, చెడు చేశానా? ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ప్రియం కాని నిజాన్ని పలకవద్దని మనుస్మృతి చెప్పిందని అందరం అంటాం. దాని పక్కనే, ప్రియంగా వుంది కదా అని అబద్ధాన్నీ పలకవద్దని వుంది. మనకి అనుకూలమైన సగం గుర్తుపెట్టుకుని రెండో సగం వదిలేశాం. నేను మొదట ఆడిన అబద్ధం ఆవిడ మేలు కోరి ఆడింది కాదు. ఆవిడ మొహం చిన్నబోతుంటే చూసే ధైర్యం నాకు లేక ఆడింది. దయ అని పేరు పెట్టుకున్నాను గానీ అది నా పిరికితనం. అందరూ తలో "లవ్లీ" విసిరి దాటిపోయిన వాళ్ళే. వాళ్ళ మంచితనమంతా కలిసి చేసిన పనేమిటంటే, ఒక పనిమంతురాలికి తన ముక్కు మీద తనకే నమ్మకం లేకుండా చెయ్యడం.

అలాగని రేపట్నుంచీ నిజం చెప్పేస్తామని గరిటెలు పుచ్చుకుని బయల్దేరమనడం లేదు. నిజం పేరుతో వాతలు పెట్టేవాళ్ళని మనం ఎరగమా? కొత్తకోడలు వండిన మొదటి పులుసుని పదిమందిలో వంక పెట్టి, ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటే "ఉన్నమాటంటే ఉలుకెందుకు?" అన్నవాళ్ళ ఇళ్ళల్లోనే మనలో చాలామంది కాపురాలు మొదలయ్యాయి. ఆ దెబ్బలు తిన్నవాళ్ళం కాబట్టే ఎదుటివాళ్ళకి ఆ బాధ వద్దని "బావుంది" అలవాటు చేసుకున్నాం. అది తప్పని ఎలా అంటాను? పసిపిల్ల గీసిన బొమ్మకీ, జబ్బుమనిషి వండిన జావకీ కొలబద్ద పెట్టేవాడు మనిషే కాదు.

అయితే తేడా ఎక్కడుంది? ఆవిడే చెప్పిన ఒక సంగతి నాకు దారి చూపించింది. అదే జిల్లాలో పుట్లే అనే ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా మే నెల మొదట్లో సైడర్ పోటీలు జరుగుతూ వచ్చాయి. అక్కడ తీర్పు చెప్పేది పెద్దమనుషులు కాదు, సైడర్ చేసేవాళ్ళే. ఒకరి సరుకు ఒకరు రుచి చూసి మంచీ చెడూ చెప్పుకుంటారట. నాకు ముచ్చటేసింది. కాయ ఏరిన నడుం నొప్పి తెలిసినవాడు, పీపా పాడైన రాత్రి ఏడుపు తెలిసినవాడు చెప్పే నిజంలో వాత వుండదు. తప్పుతో పాటు ఆ తప్పు ఎలా వచ్చిందో, ఈసారి ఎలా రాకుండా చూసుకోవాలో కూడా వుంటుంది. వంక పెట్టేవాడు చెప్పి వెళ్ళిపోతాడు. నిజం చెప్పేవాడు చెప్పి నిలబడతాడు, ఎదుటి మొహం చిన్నబోతే ఆ బరువు తనూ పంచుకోవాలి కాబట్టి. మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి నాకు అంత కష్టమైంది అందుకేనేమో.

అడిగేవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి కదా. ఆవిడ నిజంగా అడిగింది. చూపుతో అడిగింది, డబ్బు పోయినా విన్నది. మరి మనం?

ఇండియా తిరిగొచ్చిన నాలుగో రోజున గుమ్మడికాయ పులుసు చేసి, మావారికి వడ్డించి నిలబడ్డాను.

"ఎలా వుందండీ?"

"బావుంది" అన్నారు పేపరులోంచి.

"అలా కాదు. నిజం చెప్పండి."

ఆయన పేపరు దించి, ఏదో ప్రమాదం శంకించినట్టు నా వంక చూసి, ఇంకో ముద్ద తిని, "బెల్లం కాస్త ఎక్కువైంది" అన్నారు.

"ఇవాళా?"

"ఇవాళని ఏముంది? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎక్కువే."

ఇరవై రెండేళ్ళు! "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని విరుచుకుపడ్డాను.

"నువ్వు అడగలేదుగా!" అన్నారు నెమ్మదిగా.

అడక్కపోవడమేమిటి, రోజూ అడిగాను అనబోయి ఆగిపోయాను. రోజూ అడిగిన మాట నిజమే. గరిటె చేత్తో పట్టుకుని, బావుందనక తప్పని చూపు చూస్తూ అడిగాను. అది అడగడమేనా అన్నది నాకింకా తేలలేదు.

ఈమధ్య పులుసులో బెల్లం తగ్గించాను. నాకు మాత్రం చప్పగా వుంది.