ఈ భారం ఎవరి భుజాన?



మొన్నొక ఆదివారం దివ్యబలిపూజ ముగిసి దేవాలయం మెట్లు దిగుతుండగా ఒక పెద్దాయన నన్ను ఆపారు. బొగ్గు గనిలో 35 ఏళ్లు పని చేసి రిటైరైన మనిషి. "ఫాదర్‌గారూ, బొగ్గు కాల్చబట్టే లోకం వేడెక్కిపోతోందని టీవీలో చెబుతున్నారు. అయితే నేను ఇన్నాళ్లూ చేసింది పాపమా? రేపు గనులు మూసేస్తే మా మనవడి గతేమిటి?" అని అడిగారు. "పాపం కాదు పెద్దయ్యా" అని చెప్పి పంపించాను గాని, ఆయన రెండో ప్రశ్న నన్ను వదలలేదు. దానినే ఈ వారం మీ ముందుంచుతున్నాను.

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడులో చాలా భాగం వందల ఏళ్లు గాలిలోనే నిలిచి, భూమి వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతుంది. దానిని తగ్గించాలని 2015లో పారిస్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని మన దేశం 2021లో గ్లాస్గో సభలో ప్రకటించింది. తగ్గించక తప్పదు. మరి అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి?

ఈ ఖర్చు అన్ని రంగాలలోనూ ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల లాభమే వస్తుంది. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టుకుంటే వెలుగు దాదాపు అంతే, బిల్లు మాత్రం తగ్గుతుంది. సూర్యరశ్మితో విద్యుత్తు తయారుచేసే ఖర్చు 2010 నుండి 2020 లోపు ప్రపంచవ్యాప్తంగా 80 శాతానికి పైగా పడిపోయింది. అయితే ఆ కరెంటును రాత్రికి నిల్వ చేయాలంటే మళ్లీ ఖర్చే. సిమెంటు సంగతి ఇంకా కష్టం. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలో నుండే కార్బన్ డయాక్సైడు వస్తుంది. కొలిమిలో ఏ ఇంధనం వాడినా ఆ భాగం తగ్గదు. ఉక్కు తయారీలో బొగ్గు వేడికే గాక, ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగివేయడానికీ కావాలి. ఆ పని హైడ్రోజన్‌తో చేయవచ్చు గాని, నేటికీ అది ఖరీదైన దారి.

ఆర్థికవేత్తలు దీనికొక సూత్రం చెబుతారు. ఎక్కడ తక్కువ ఖర్చుతో తగ్గుతుందో అక్కడ ముందు తగ్గించండి అని. న్యాయంగానే ఉంది, డబ్బు వృథా కాకూడదు కదా! అయితే ఈ సూత్రంలో ఒక చిక్కుంది. అది రూపాయలను లెక్కపెడుతుంది గాని, ఆ రూపాయి ఎవరి జేబులో నుండి వస్తుందో చూడదు.

వరిపొలాన్ని తీసుకోండి. నీరు నిలిచిన మడిలో మీథేన్ అనే వాయువు పుడుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ నీరు పెడితే అది బాగా తగ్గుతుంది, నీరు కూడా ఆదా అవుతుంది. కాగితం మీద ఇది చౌకైన మార్గం. కాలువ చివరి భూమి రైతును అడగండి. మడి ఆరితే కలుపు పెరుగుతుంది, కూలి ఖర్చు పెరుగుతుంది. ఆరబెట్టిన తరువాత కాలువలో నీరు రాకపోతే పంటే పోతుంది. లెక్కల పుస్తకంలో చౌకైనది ఆ ఇంట్లో పిల్లవాడి స్కూలు ఫీజు కావచ్చు.

2018లో ఫ్రాన్సు దేశంలో జరిగింది చూడండి. కాలుష్యం తగ్గించాలని ప్రభుత్వం డీజిలు, పెట్రోలు మీద పన్ను మరికొంత పెంచబోయింది. బస్సు, రైలు సరిగా లేని పల్లెల నుండి సొంత కారులో పనికి పోయే చిరుద్యోగులు పసుపు చొక్కాలు తొడుక్కుని నవంబరులో రోడ్లెక్కారు. విమానాల ఇంధనం మీద మాత్రం ఆ పన్ను లేదు! డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపును విరమించుకుంది. పాళ్లు తప్పిన భారం చివరకు గాలికి కూడా మేలు చేయలేదు.

పంపకంలో న్యాయమంటే అందరికీ ఒకే వాటా కాదు, తగిన పాళ్లలో వాటా అని అరిస్టాటిల్ బోధించాడు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మేము నేర్చుకున్న మొదటి పాఠాలలో అదొకటి. ప్రజల మీద భారం మోపే చట్టం ఆ పాళ్లు తప్పితే అది అన్యాయపు చట్టమేనని పునీత తోమాసు అక్వినాసుగారు ఇంకా స్పష్టం చేశారు.

కానుకపెట్టె ఎదుట క్రీస్తు ప్రభువు చూచిన పేద విధవరాలి సంగతి మీరెరిగినదే. ఎంత వేశారన్నది కాక, వేశాక చేతిలో ఎంత మిగిలిందన్నది ఆయన కొలత. ఆమె తనంతట తానుగా ఇచ్చింది. అదే రెండు కాసులను మనం ఆమె చేతిలో నుండి లాక్కుంటే? విధవరాండ్ర ఇండ్లను దిగమింగేవారిని ప్రభువు అంతకు కొంచెం ముందే గద్దించారని మరువరాదు.

ఈ కొలతతో దేశాలను చూడండి. అమెరికాలో మనిషి ఒక్కింటికి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. మన దేశంలో సుమారు 2 టన్నులు. బాధ్యత అందరిదీ, కాని అందరికీ ఒకే మోతాదులో కాదని 1992 నాటి అంతర్జాతీయ ఒడంబడికే చెప్పింది. సంపన్న దేశాలు పేద దేశాలకు పర్యావరణ రుణం పడి ఉన్నాయని స్వర్గస్థులైన ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో తమ 'లౌదాతో సి' విశ్వలేఖలో గుర్తుచేశారు.

ఈ మాట మన చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆ 2 టన్నులు సగటు మాత్రమే. రెండు కార్లు, గదికొక ఏ.సీ. ఉన్న ఇల్లూ, ఒక్క ఫ్యాను తిరిగే ఇల్లూ కలిపి తీసిన సగటు. పేదల లెక్క చాటున మనలో ఉన్నవారు దాక్కోవడం న్యాయమా?

"పేదలకు భారమంటున్నారు గనుక అసలు మానేద్దాం" అని కూడా అనకండి. తగ్గించకపోతే అయ్యే నష్టం ముందుగా వారిదే. మే నెల వడదెబ్బ ఉపాధి పనిలో మట్టి తవ్వేవారిని, తారురోడ్డు వేసేవారిని వెతుక్కుంటూ వస్తుంది.

మరి పెద్దాయన మనవడి మాటేమిటి? జర్మనీ దేశం 2038 నాటికి బొగ్గు విద్యుత్తును మానేయాలని 2020లో చట్టం చేసింది. దానితోపాటే బొగ్గు ప్రాంతాలలో కొత్త ఉపాధి కోసం 4,000 కోట్ల యూరోల వరకు ఇస్తామని మరో చట్టం చేసింది. మనది అంత సంపన్న దేశం కాదు, నిజమే. కాని 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడింది మొదలు మన రైళ్లు నడిచింది, మన మిల్లులు తిరిగింది, మన పిల్లలు దీపం వెలుగులో చదువుకున్నది ఇలాంటి మనుషులు భూమి లోపలికి దిగినందుకే. వారి మనవలకు కొత్త పని నేర్పించడం దానం కాదు, మన బాకీ.

ఆ బాకీ తీర్చడానికి రేపు మన కరెంటు బిల్లులో కొంత పెరిగితే, గొణుగుతామా, నా వంతని కడతామా? ఈ ఆదివారం భోజనాల వేళ మీ ఇంట్లో మాట్లాడుకోండి. పెద్దాయన మళ్లీ మెట్ల దగ్గర కనబడితే నేనొక్కడినే జవాబు చెప్పలేను.