కూడి పలికిన మాట

చిక్కుముడివంటి సమస్య యెదురైనప్పుడు లోకము సాధారణముగా రెండు దారులు త్రొక్కును. వ్రాసియున్న గ్రంథములో సమాధానమును వెదకుట యొకటి; పెద్దలలో నొకరు చెప్పినదానికి తలయూపుట రెండవది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమందలి శివశరణులు మూడవదారిని చూపిరి. పదుగురు కూడి, అప్పటికప్పుడు పలికి, ఒకరి పలుకును మరియొకరు సరిదిద్ది సత్యమును చేరుటయే యా దారి.

వారి ముందున్న సమస్య అల్పమైనది కాదు. పుట్టుకచే కలిగిన హెచ్చుతగ్గులు, స్త్రీకి దొరకని దీక్షాధికారము, చేతిపనికి లేని గౌరవము - ఈ మూడును పెనవైచుకొని యుండెను. బిజ్జలుని కొలువున భండారి యైన బసవేశ్వరుడు దీనికి సమాధానమును తానొక్కడే కూర్చుండి రచింపలేదు. అనుభవ మంటపమున శూన్యసింహాసనముపై అల్లమప్రభువు నధిష్ఠింపజేసి, తాను శరణులలో నొకడై నిలిచెనని సంప్రదాయము చెప్పుచున్నది. బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, తోళ్లు పదునుచేయు డోహర కక్కయ్యయు ఆ గోష్ఠిలో సమానులు. ఎవరి కాయకము వారి జ్ఞానమునకు ఆధారమయ్యెను గాని అడ్డు కాలేదు.

అట్టి గోష్ఠికి తగిన వాఙ్మయము వచనము. అది ఛందస్సునకు కట్టువడలేదు. సందర్భమునుబట్టి వాడుకమాటలలో వెలువడినది. అయినను అది విచ్చలవిడి పలుకు కాదు. ప్రతి వచనమునందును అంకితముండును. బసవేశ్వరునికి కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. తన యిష్టదైవము ఎదుట పలికిన మాటకు తానే బాధ్యుడనని చేసిన చేవ్రాలు వంటిది అంకితము. స్వేచ్ఛయు బాధ్యతయు ఒక్కచోట నిలుచుట వచనము గొప్పతనము.

ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని వాకిట చెదరిపడిన బియ్యపుగింజల నేరి దాసోహము నడపు శరణుడు. ఒకనాడు అల్లమప్రభువుతో తత్త్వచర్చలో మునిగి ఆయన కాయకమును మరచెను. భార్య లక్కమ్మ వచ్చి హెచ్చరించెను. ఆయన త్వరపడి వెళ్లి నిత్యపరిమాణమునకు మించిన బియ్యమును తెచ్చినప్పుడు, ఆ యధికమును తెచ్చినచోటనే పోసి రమ్మని ఆమె పంపెను. మారయ్య అలుగలేదు, భార్య మాట వినెను. ఎంత గొప్ప తత్త్వచర్చయైనను చేతిపనిని విడువరాదనియు, అవసరమును మించినది ఆశ యగుననియు లక్కమ్మ తెలిపిన ధర్మము ముందుగా వ్రాసియుంచినది కాదు. ఆ క్షణమున, ఆ బియ్యపుమూట యెదుట తోచినది.

అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినప్పుడు అల్లమప్రభువు కఠినప్రశ్నలతో ఆమెను పరీక్షించెను. ఆమె జంకక ప్రత్యుత్తరమిచ్చెను. తుదకు అడిగినవారే ఆమెకు ప్రణమిల్లిరి. ప్రశ్న అవమానించుటకు గాక వెలికి తీయుటకు వేసినదైనప్పుడే అట్టి ఫలము కలుగును.

ఈ కాలపు పరిశోధకులును ఈ మార్గమును వేరొక దిక్కునుండి పరికించుచున్నారు. అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు కీత్ సాయర్ జాజ్ సంగీతబృందములను, వ్రాతప్రతి లేకయే నాటకమాడు నటులను పరిశీలించి 2007లో ఒక గ్రంథము వెలువరించెను. క్రొత్త యూహ ఒక్క మేధావి తలలో మెరయునది కాదనియు, ఒకరి మాటను మరియొకరు శ్రద్ధగా విని, దానికి తమవంతు చేర్చుటచే పుట్టుననియు ఆయన నిరూపింపజూచెను. అట్టి నటులు తోడివాని మాటను త్రోసివేయక, స్వీకరించి ముందునకు నడపుదురు. శరణులు దీనికి తోడు మరియొకటి కోరిరి: పలికినవాడు పలికినట్లు బ్రదుకవలెను.

బ్రదికినందుకు వెలయు చెల్లించిరి. హరళయ్య కుమారునకును మధువరసుని కుమార్తెకును జరిగిన వివాహము కారణముగా హరళయ్య మధువరసులు ప్రాణములు కోల్పోయిరనియు, శరణులు చెల్లాచెదరైరనియు పురాణములు చెప్పుచున్నవి. గోష్ఠి చెదరినను పద్ధతి చెదరలేదు. పదునైదవ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య పలువురి వచనములను సంభాషణగా కూర్చి శూన్యసంపాదనమును నిర్మించెను. తరువాత మువ్వురు దానిని మరల సవరించి పెంచిరి. 1923లో ఫ. గు. హళకట్టి వచనశాస్త్రసారము ప్రథమభాగమును ప్రకటించుటకు పూర్వము, తాళపత్రముల కొరకు ఇల్లిల్లు తిరిగెను. ఎన్ని తరముల యెన్ని చేతులు కలిసిన ఫలమో యిది!

వచనములను కంఠస్థము చేయుట పుణ్యమే. కాని సంఘసభలో పిన్నవాడు లేచినంతనే కూర్చుండుమనుట, ఇంటి వివాదమున కోడలి మాట వినకయే తీర్పు చెప్పుట - ఇవి వచనము పుట్టిన చోటును మూసివేయుటయే. మఠమునందుగాని యింటియందుగాని కఠినమైన ప్రశ్న వచ్చినప్పుడు, ఇంతవరకు పలుకనివారిని ముందుగా పలుకుమనవలెను. పెద్దలు కడపట పలుకవలెను. సరిదిద్దినవారికి కృతజ్ఞత చూపవలెను. ఆనాడు బియ్యపుమూటను తిరిగి మోసికొనిపోయిన మారయ్యకు అవమానము కలుగలేదు; దాసోహము నిలిచినది.