అరచేతిలో వైకుంఠం

కంటికి కనిపించని దాన్ని గురించి చెప్పి, కంటికి కనిపించే మేలు చేయవచ్చునా? చేస్తే ఆ చెప్పిన మాట సత్యమవుతుందా? చైనావారి తాయ్‌చీ, చీగాంగ్ సాధనలను గురించి చదివినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది.

రెండింటికీ మూలం ‘చీ’ అనే భావన. ఊపిరి, శక్తి రెండూ ఆ మాటలో ఉన్నాయి. మన ‘ప్రాణం’ దానికి దగ్గరి చుట్టం. చీగాంగ్‌లో చెట్టును కౌగిలించుకున్నట్టు నిలబడే భంగిమ ఒకటుంది. చేతులు రొమ్ము ఎత్తున గుండ్రంగా, అరచేతులు లోపలికి, వేళ్ళు కాస్త ఎడంగా ఉంటాయి. పిడికిలి మూస్తే నడిమి వేలికొన అరచేతిలో తగిలే చోటును ‘లావోగాంగ్’ అంటారు. చీ రాకపోకలకు అది ద్వారమని నమ్మకం. తాయ్‌చీ యుద్ధవిద్య కూడా కనుక అక్కడి చేతికి తోయడం, మళ్ళించడం వంటి పనులున్నాయి.

చిక్కు తాయ్‌చీ లోపలే ఉంది. యాంగ్ చెంగ్‌ఫూ (1883-1936) సంప్రదాయంలో తోసేటప్పుడు మణికట్టు దించి అరచేతిని నిలబెడతారు. అప్పుడే శక్తి వేళ్ళ కొసలకు చేరుతుందంటారు. ఆయన శిష్యుడే అయిన జెంగ్ మాన్‌చింగ్ మాత్రం మణికట్టు వంచవద్దు, సుందరి చెయ్యిలా తిన్నగా, మెత్తగా ఉంచండి, అప్పుడే చీ పారుతుందన్నాడు. లెక్కల మనిషిని కనుక, ఒకే ఖాతాకు రెండు నిల్వలు చూపిస్తే ఊరుకోలేను.

అలాగని కొట్టిపారేయనూ లేను. అమెరికాలోని ఆరెగాన్‌లో 70 ఏళ్ళు నిండిన 670 మందిపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే తాయ్‌చీ శిక్షణ పొందినవారు కింద పడడం 58 శాతం తక్కువ. లాభం కనబడింది. చీ మాత్రం ఏ కొలతకూ చిక్కలేదు.

కామర్సు చదివినవారికి ‘గుడ్‌విల్’ తెలుసు. అంగడికున్న మంచిపేరు అది. ఆ పేరు విని కొనేవారు వస్తారు. అయినా తన మంచిపేరుకు తానే వెలకట్టి ఆస్తుల పట్టీలో రాసుకోకూడదన్నది పద్ధతి. పేరు లేదని కాదు, ఆ అంకెను నమ్మి ఇంకొకరు మోసపోకూడదని.

మన నాట్యంలో చెయ్యి వెంట చూపు, చూపు వెంట మనసు పోవాలంటుంది అభినయదర్పణం. బలంతో కాదు, తలంపుతో కదలమనే తాయ్‌చీ గురువు చేయించేదీ దాదాపు అదే. అరచేతిలో చీని గమనించమంటే మనసు అక్కడ నిలుస్తుంది, భుజం సడలుతుంది, అడుగు నిదానిస్తుంది. అక్కడ చీ ఒక సూచన. మణికట్టు వంచమన్నా, వద్దన్నా సూచనగా రెండూ చెల్లుతాయి.

అదే మాట హామీగా మారితే చెల్లదు. 1980లలో చైనాలో చీగాంగ్ మోజు ముదిరినప్పుడు, తమ అరచేతినుంచి చీ పంపి రోగాలు కుదురుస్తామనే గురువులు బయలుదేరారు. అరచేతిలో వైకుంఠం చూపడమని మనవాళ్ళు ఊరికే అనలేదు. మందులు మాని వారిని నమ్మినవాడికి పోయేది డబ్బొక్కటే కాదు.

పింఛను కోసం మా శాఖకు వచ్చే చక్కెర జబ్బు పెద్దాయన ఒకరు, ‘‘చేతులిట్లా పెడితే మాత్రలు అక్కర్లేదంట, నిజమేనా సార్?’’ అని అడిగారు. చేతులు పెట్టండి, మాత్రలు మానకండి అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయనకు కావలసింది హామీ. తీర్చలేని అప్పుకు జామీను సంతకం పెట్టడం దయ కాదని ముప్పై ఏళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది. ఆశ పెట్టడానికీ ఆ నియమమే వర్తిస్తుందని నా నమ్మకం.