తాళంచెవి పెట్టె

"నా ఇల్లు, నా ఇష్టం" అన్న మాట వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో చూడండి! అప్పో సప్పో చేసి కొనుక్కున్నాం, పన్ను కడుతున్నాం. ఎవరికి అద్దెకిస్తే ఊరికేం నష్టం? కాని పెద్ద పెద్ద నగరాలు ఆ మాట చెల్లదంటున్నాయి.

ఈ వ్యవహారం 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలయింది. ఇద్దరు కుర్రాళ్ళకి ఇంటద్దె కట్టడానికి డబ్బు చాలలేదు. ఊళ్ళో ఏదో మహాసభ, హోటళ్ళు నిండిపోయాయి. గాలి పరుపులు వేసి ముగ్గురికి చోటిచ్చి, పొద్దున్నే ఫలహారం పెట్టి డబ్బు తీసుకున్నారు. అదే పెరిగి పెరిగి ఎయిర్‌బీఎన్‌బీ అయింది. ఇందులో మనకి కొత్తేముంది లెండి! 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ చేసిందీ ఇంచుమించు అదేగా. తన ఇల్లు, తన వంట, ఎదురుగా తను. అవసరమైతే చీపురుకట్ట కూడా తీసింది. గిరీశానికి తెలుసు!

వచ్చిన చిక్కల్లా ఆ ఎదురుగా ఉండే మనిషి మాయమవడంతోనే. యాత్రికుల కోసమే ఫ్లాట్లు కొని పెట్టుకునేవాళ్ళు బయల్దేరారు. గుమ్మం పక్కన అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టె, అందులో తాళంచెవి. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో యజమానికే తెలీదు. పక్కవాటావాళ్ళకి మాత్రం అర్ధరాత్రి మెట్లమీద సూట్‌కేసుల చప్పుడు తెలుస్తుంది. ఆ ఊళ్ళోనే పనిచేసే నర్సుకి, టీచరుకి నెలవారీ అద్దెకి ఇల్లు దొరకదు. వారంరోజుల యాత్రికుడిచ్చేది ఎక్కువ మరి!

బార్సిలోనాలో పదేళ్ళలో అద్దెలు 68 శాతం పెరిగాయని అక్కడి మేయరు 2024 జూన్‌లో లెక్క చెప్పాడు. యాత్రికుల ఫ్లాట్లకిచ్చిన 10,101 లైసెన్సులూ 2028 నవంబరు తరవాత ఉండవన్నాడు. ఫ్లోరెన్సు 2025లో పాతబస్తీ గోడలమీద ఆ తాళంచెవి పెట్టెలే కూడదంది.

న్యూయార్కు పద్ధతి వేరు. 2023 సెప్టెంబరు నించి గట్టిగా అమలు చేస్తున్న నియమం ఇది: ముప్ఫై రోజులకి తక్కువైతే యజమాని కూడా ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి పెట్టుకోకూడదు, లోపలి గదులకి వాళ్ళు రాకుండా తాళం వెయ్యకూడదు. ఈ మూడోది నాకు భలే నచ్చింది. అతిథా, అయితే ఇంట్లోవాళ్ళలా తిరగనివ్వు. ఖాతాదారా, అయితే హోటలే పెట్టుకో. మధ్యేమార్గం లేదు.

"పిల్లలు దూరదేశంలో ఉన్నారు, మేడమీది రెండు గదుల అద్దెతో బతుకుతున్న ఆడమనిషి నోరు కొడతారా?" అని అడగొచ్చు. అడగాలి కూడా. ఆమెని, పది ఫ్లాట్ల ఆసామిని ఒకే గాట కట్టడం అన్యాయం. పైగా ఆ చట్టం వచ్చాక న్యూయార్కులో అద్దెలేమీ దిగిరాలేదు, లాభపడింది హోటళ్ళవాళ్ళేనంటారు. కొట్టిపారెయ్యను.

అయినా నా మనసు అద్దె లెక్క దగ్గర ఆగదు. ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు పొద్దెక్కినా తెరుచుకోలేదనుకోండి. పాలపాకెట్టు బయటే ఉంది. తలుపు కొట్టి "పిన్నిగారూ!" అని పిలిచేది పక్కవాటావాళ్ళే కదా. ఆ పక్కవాటాలో మూడురోజులకో కొత్త మొహం ఉంటే, పాపం వాళ్ళ తప్పేం లేదు, ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుందని వాళ్ళకెవరు చెప్పారు?