లాప్‌టాప్‌కి ముహూర్తం

మా అమ్మ ఏది కొనాలన్నా ముందు పంచాంగం తీస్తుంది. ఆమధ్య మిక్సీ కాలిపోతే కొత్తదానికి కూడా తీసింది. వేళ్లు మడిచి ఏవో లెక్కలు వేసి, "మూఢం వెళ్లాక చూద్దాంలే" అని పక్కన పెట్టేసింది. మిక్సీకి మూఢమేంటమ్మా అని నవ్వాను. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ చూసేదాన్ని పచ్చడి రుబ్బుకోవడానికి కూడా చూస్తే ఎలా?

అలా నవ్విన రోజుల్లోనే నేను మ్యాక్‌రూమర్స్ సైట్‌లో బయ్యర్స్ గైడ్ అనే పేజీని రోజుకి రెండుసార్లు తెరిచి చూస్తున్నాను. అందులో ఒక్కో యాపిల్ వస్తువు వచ్చి ఎన్ని రోజులైందో, సగటున ఎన్ని రోజులకి దాని కొత్త మోడల్ వస్తుంటుందో ఉంటుంది. ఇప్పుడు కొనొచ్చా, కాస్త ఆగాలా, అసలు కొనకూడదా అనేది కూడా వాళ్లే చెప్తారు. అంటే మూఢమే. కాకపోతే అమ్మ పంచాంగంలో మూఢం ఎప్పుడు విడుస్తుందో ముందే అచ్చేసి ఉంటుంది. నా పంచాంగంలో ఉండదు.

2024 మార్చి నుంచి 2025 మార్చి దాకా ఒక ఏడాది పాటు నేను ఒక లాప్‌టాప్ కొనలేదు. కొనలేక కాదు. కొనాలని నిశ్చయించుకునే, కొనలేదు.

ఇలాంటివి పట్టించుకోని వాళ్ల కోసం ఆ ఏడాది సంగతి క్లుప్తంగా చెప్తాను. 2024 మార్చిలో ఎం3 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చింది. ఇండియాలో పదమూడు అంగుళాల దాని ధర 1,14,900 రూపాయల నుంచి మొదలు. అంత పెడితే వచ్చేది 8 జీబీ ర్యామ్. 16 కావాలంటే ఇంకో ఇరవై వేలు. ఎనిమిది జీబీకి లక్షా పదిహేను వేలా అని అందరితో పాటు నేనూ గొణుక్కుంటూ ఉండగానే మే నెల వచ్చింది. మే 7న ఎం4 చిప్ వచ్చింది, అదీ ఐప్యాడ్ ప్రోలో. టాబ్లెట్‌లో ఎం4 పెట్టాక లాప్‌టాప్‌లో ఎం3 ఎవడు కొంటాడు? ఆగాను. అక్టోబర్ 30న ఎం4 మ్యాక్‌బుక్ ప్రోలు ప్రకటించారు. ఎయిర్‌లో చిప్ మారలేదు కానీ, అదే రోజు దాని కనీస ర్యామ్‌ని ధర పెంచకుండా 16 జీబీ చేసేశారు. ముందు రోజు 8 జీబీది కొన్నవాడి మొహం ఊహించుకుని, ఆ మొహం నాది కానందుకు చాలా సంతోషించాను. అప్పుడైనా కొనొచ్చు. కానీ ప్రోలో ఎం4 వచ్చిందంటే ఎయిర్‌లోకి ఇంకెన్నాళ్లు? మళ్లీ ఆగాను. 2025 మార్చి 5న ఎం4 ఎయిర్ ప్రకటించారు. 16 జీబీ, 99,900 రూపాయలు. అమ్మకాలు మొదలైన వారంలోనే కొన్నాను.

ఏడాది కిందట ఎం3తో 16 జీబీ ర్యామ్ కావాలంటే 1,34,900 అయ్యేది. అంటే ముప్పై ఐదు వేలు మిగిలాయి, పైగా ఒక తరం కొత్త చిప్. లెక్క ప్రకారం నేను గెలిచాను. ఈ కథని ఆఫీస్ క్యాంటీన్‌లో ఇక్కడి దాకానే చెప్పాను. బాగా పండింది.

చెప్పని భాగం మా అక్క కూతురిది. ఇంట్లో చిన్ని అంటాం. 2024లో ఇంటర్ అయిపోయి కాకినాడ దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరింది, హాస్టల్లో ఉంటోంది. ఆ ఆగస్టులో బావగారు తణుకులో ఒక షాపులో ముప్పై ఎనిమిది వేల లాప్‌టాప్ చూసి, మోడల్ నంబర్ రాసుకుని నాకు ఫోన్ చేశారు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనే కదా. నేను వద్దన్నాను. "అనవసరంగా ఎందుకు బావగారూ, నాది ఐ7, పదహారు జీబీ ర్యామ్. మీరు చూసినదానికంటే బావుంటుంది. ఒక నెలలో నేను కొత్తది తీసుకుంటున్నా, ఇది చిన్నికి ఇచ్చేస్తా" అన్నాను. ఆయన మోడల్ నంబర్ ఉన్న కాగితం చించేశారని అక్క తర్వాత చెప్పింది.

ఆ నెల అబద్ధం కాదు. సెప్టెంబర్‌లో కొందామనే అనుకున్నాను. సెప్టెంబర్‌లో అక్టోబర్ ప్రకటనల పుకార్లు మొదలయ్యాయి. అక్టోబర్ తర్వాత ఏమైందో పైన చెప్పాను. మధ్యలో దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి అక్కతో అన్నాను, ఇంకొంచెం ఆగితే మంచిది వస్తుందని. "తొందరేం లేదురా, నీ వీలు చూసుకో" అంది. చిన్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగే పిల్ల కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, అడగలేదంటే అవసరం లేదన్నట్టే తీసుకున్నాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆఫీస్ పనికి కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ వేరే ఉంది. నా సొంతదాని మీద నేను చేసేది ఇలాంటి వ్యాసాలు రాయడం, వెబ్ సిరీస్‌లు చూడటం. ఆ ఎనిమిది నెలలూ అది లేకపోయినా నాకు ఏమీ అయ్యేది కాదు.

ఆగడం గురించి నాకిష్టమైన పేపర్ ఒకటుంది. 1999లో అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు సగం సరదాగా, సగం సీరియస్‌గా రాశారు. ఏళ్ల తరబడి నడిచే పెద్ద లెక్క ఒకటి చేయాలనుకోండి. ఇవాళే కంప్యూటర్ కొని మొదలుపెట్టాలా, లేక కొన్నాళ్లు ఏమీ చేయకుండా తిరిగి, వేగవంతమైన కంప్యూటర్ వచ్చాక కొని, ముందే మొదలుపెట్టినవాణ్ణి దాటేయాలా? పద్దెనిమిది నెలలకోసారి వేగం రెట్టింపవుతుందనుకుంటే జవాబు తేలిగ్గానే తేలుతుంది. ఇవాళ్టి యంత్రం మీద సుమారు 26 నెలల కంటే ఎక్కువ పట్టే పనైతే ఆగడం లాభం. అంతకంటే తక్కువ పట్టే పనికి ఒక్క రోజు ఆగినా నష్టమే. పద్దెనిమిదిని రెండు యొక్క సహజ లాగరిథమ్‌తో భాగిస్తే ఆ 26 వస్తుంది, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. ఈ పేపర్‌ని నేను చాలామందికి ఉత్సాహంగా వివరించాను. దాన్ని నాకు వర్తింపజేసుకుంటే ఏమవుతుందో మాత్రం చూసుకోలేదు. నేను రాసే వ్యాసానికి 26 నెలలు పట్టదు. లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్‌కి రెండు గంటలు.

అమ్మేవాళ్లకి కూడా మన ఆగడం గురించి బాగా తెలుసు. 1981లో ఆడమ్ ఆస్బోర్న్ కంపెనీ చేత్తో మోసుకెళ్లగలిగే కంప్యూటర్‌ని 1,795 డాలర్లకి తెచ్చింది. చేత్తో అంటే, పదకొండు కిలోలు. 1983లో తర్వాతి మోడల్ గురించి ముందే చెప్పేయడంతో జనం పాతదాన్ని కొనడం మానేశారని, ఆ ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసిందని చెప్తారు. అసలు కారణాలు వేరే ఉన్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు. కథ నిజమైనా కాకపోయినా కంపెనీలు దాన్నుంచి నేర్చుకున్న పాఠం మాత్రం నిజమే: రేపటి సంగతి ఇవాళ చెప్పకు. అందుకే నా పంచాంగంలో తేదీలుండవు. పుకార్లే ఉంటాయి, పుకార్లకి అంతం ఉండదు.

ఆ ఏడాదంతా నేను దేనికి భయపడ్డాను? డబ్బుకి మాత్రం కాదు. ముప్పై ఐదు వేలు చిన్న మొత్తమేం కాదు గానీ, అంత మిగులుతుందని నాకు ముందు తెలియదు కదా. కొన్న నెలకే కొత్తది వచ్చి, "అయ్యో, ఆగాల్సింది" అని కుమిలిపోయే మనిషికి భయపడ్డాను. ఆ మనిషి ఇంకా పుట్టలేదు. నవంబర్‌లోనో మార్చిలోనో పుట్టబోయే నేను. అతని మనసు నొచ్చుకోకూడదని ఇంత జాగ్రత్త పడ్డాను.

బ్రిటిష్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్' అనే పుస్తకంలో స్వార్థాన్ని నీతి పేరుతో తిట్టడు, తర్కంతో ఇరుకున పెడతాడు. నీ మేలే నువ్వు చూసుకో అనే వాదం రెండు మాటలు చెప్తుంది. నీ జీవితంలో ఇవాళా, పదేళ్ల తర్వాతా సమానమే కాబట్టి రేపటి నీ కోసం ఇవాళ ఓర్చుకో అనేది ఒకటి. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం నువ్వూ పక్కవాడూ సమానం కాదు, నీ సంగతే చూసుకో అనేది రెండోది. కాలాల మధ్య తేడా చూపకూడదట, మనుషుల మధ్య చూపొచ్చట. 'నేను' అనే మాటకి అంత బరువుంటే 'ఇప్పుడు' అనే మాటకి ఎందుకు లేదు? 'ఇప్పుడు'కి లేకపోతే 'నేను'కి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? పార్ఫిట్ పట్టుకునేది ఇక్కడే.

ఈ పుస్తకం చదివిన కొత్తలో ఇదంతా మాటల గారడీలా అనిపించింది. ఇప్పుడు నా మార్చి నుంచి మార్చిని దాని పక్కన పెడితే గారడీలా లేదు. పుట్టబోయే నాకు కలగవచ్చో కలగకపోవచ్చో తెలియని ఒక చిన్న చిరాకు కోసం ఏడాది త్యాగం చేశాను. అదే ఏడాదిలో, నిజంగా ఉన్న ఒక పద్దెనిమిదేళ్ల పిల్లకి నిజంగా జరుగుతున్న సెమిస్టర్ నా లెక్కలోకి రాలేదు. లెక్క తప్పు వేయలేదు. కాకపోతే అందులో ఒక్క మనిషికే గడి గీశాను.

ఇది చెప్తే ఒక మిత్రుడు గట్టిగా అడ్డం పడ్డాడు. "ఊరికే ఇస్తున్నావు కదరా, ఊరికే ఇచ్చేదానికి టైమ్ కూడా వాళ్లే చెప్పాలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేను మాట ఇవ్వకుండా ఉండి, మార్చిలో పాతది పట్టుకెళ్లి చిన్ని చేతిలో పెట్టి ఉంటే, అది మంచిపనే అయ్యుండేది, ఎవరూ తేదీలు లెక్కపెట్టేవాళ్లు కాదు. కానీ నేను బావగారి చేత కాగితం చింపించాను. ఆగు అని నాకు నేను చెప్పుకుంటే అది నా ఓపిక. "ఆగండి" అని వాళ్లతో అన్నాక, ఆ తర్వాతి ప్రతి రోజూ వాళ్ల దగ్గర నేను చేసిన అప్పే. ముప్పై ఎనిమిది వేల లాప్‌టాప్ మంచిది కాకపోవచ్చు. ఆగస్టులో ఉండేది.

మా నాన్న తరం వాళ్లు కూడా ఆగారు. నాన్న బజాజ్ స్కూటర్‌కి బుక్ చేసుకుని ఏళ్ల తరబడి చూశారు, అప్పట్లో అందరిదీ అదే పరిస్థితి. ఆ ఆగడం గురించి ఆయన కోపంగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు. క్యూలో ఆయనకో నంబర్ ఉంది, ముందున్నవాళ్లు ఒక్కొక్కరే కదులుతున్నారు, ఆ లోపు సైకిల్ ఉంది. రావట్లేదు కాబట్టి ఆగారు. నేను వస్తూనే ఉంటాయి కాబట్టి ఆగాను. నా క్యూలో ముందు ఎవరూ లేరు. వెనక మాత్రం ఒకళ్లున్నారు.

ఏప్రిల్ మొదటి వారంలో పాతదాని బ్యాటరీ మార్పించి, అంతా శుభ్రంగా చెరిపి, కాకినాడ తీసుకెళ్లాను. హాస్టల్ విజిటర్స్ రూమ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు. "థాంక్యూ మావయ్యా" అని రెండు చేతులతో అందుకుని, మూత తీయకుండా కాసేపు ఒళ్లో పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఎలా చేశావమ్మా అని అప్పుడు అడిగాను. ఆగస్టులో అడగాల్సిన ప్రశ్న.

ల్యాబ్ వారానికోసారట, సిస్టమ్‌కి ఇద్దరట. ముందే నోట్సులో ప్రోగ్రామ్ రాసుకుని, ప్రతి లైనుకీ వేరియబుల్ విలువ ఎంతో పక్కన పెన్సిల్‌తో వేసుకుని వెళ్లేదట. ల్యాబ్ లేని రోజుల్లో ఫోన్‌లో సి కంపైలర్ యాప్. సగం స్క్రీన్ కీబోర్డే తినేస్తుంది కాబట్టి ఒకసారికి అయిదారు లైన్లు కనిపిస్తాయి. ఫ్లవర్ బ్రాకెట్ కావాలంటే ఒక బటన్ నొక్కి అంకెల్లోకి, ఇంకోటి నొక్కి లోపలి పేజీలోకి వెళ్లాలి. తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి. ఫోన్ ఇచ్చి ఏదీ చూపించమన్నాను. రెండు బొటనవేళ్లతో ఫర్ లూప్ కొట్టేసింది, నేను కీబోర్డ్ మీద కొట్టేంత వేగంగా. ఫిర్యాదుగా చెప్పలేదు. ఎలా చేశావని అడిగాను కాబట్టి చేసి చూపించింది.

అక్కకి ఫోన్ చేసి చెప్తే, "పోనీలేరా, అలా చేస్తేనే బుర్రకి ఎక్కుతుంది" అంది. ఆ మాట పట్టుకోవాలని నాకు చాలా ఆశ పుట్టింది. కష్టపడి నేర్చుకుంది, పునాది గట్టిపడింది, ఒకరకంగా మంచే జరిగింది. కానీ ఆ నోట్సు గొప్పతనం చిన్నిది. నా ఖాతాలో రాసుకోవడానికి లేదు. రెండో సెమిస్టర్లో డేటా స్ట్రక్చర్స్ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. లాప్‌టాప్ ఉండుంటే ఎక్కువ వచ్చేవో లేదో ఎవరూ చెప్పలేరు. నేను మరీ చెప్పలేను.

2025 అక్టోబర్‌లో ఎం5 చిప్‌తో మ్యాక్‌బుక్ ప్రో వచ్చింది. ఆ వారంలోనే ఒక కొలీగ్ నా డెస్క్ దగ్గరికొచ్చాడు. నా పాత క్యాంటీన్ కథ గుర్తుంది వాడికి. ఎయిర్‌లోకి ఎం5 వచ్చేదాకా ఆగనా, ఇప్పుడే ఎం4 తీసుకోనా అని అడిగాడు.

"నీ పాతది ఎవరికిస్తున్నావ్?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "ఎవరికీ లేదు. అలమారలో పడుంటుంది. ఏం?"

"ఏం లేదు. అయితే ఎన్నాళ్లయినా ఆగు."